పిల్లల అడుగు చొప్పున

మూలవాక్యము: ఆదికాండము 33:12–17



వేసవి సెలవులు ముగిసి జూను మాసము వచ్చినది. క్రొత్త పుస్తకములకు అట్టలు వేయుచున్నారు, బూట్లకు కొలతలు ఇచ్చుచున్నారు, ఫీజుల కొరకు కొందరు చెవికమ్మలను కుదువ పెట్టుచున్నారు. ఈ దినములలో ఆరాధన ముగిసిన తరువాత గుడి వసారాలో మా కొరకు నిలిచియుండువారిలో సగముమంది తమ కొరకు గాక తమ పిల్లల కొరకే వచ్చుచున్నారు.

"అయ్యగారూ, మా చిన్నదానికి పదిహేను నెలలండి, ఇంకా అడుగు వెయ్యడం లేదు" అని ఒక తల్లి. "మావాడు నాలుగో తరగతండి, ఇప్పటికీ కూడబలుక్కుంటూనే చదువుతాడు" అని మరియొక తల్లి. "పక్కింటి పిల్లకి తొంభై ఎనిమిది వచ్చినయండి, మాదానికి అరవై దాటలేదు, తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యండి" అని ఒక నాయనమ్మ. మొన్న ఒక తండ్రి చేతులు నలుపుకొనుచు, "వీణ్ణి హాస్టల్లో వేద్దామా, ఇంట్లోనే ఉంచుకుందామా, మీరేమంటారండి?" అని అడిగెను. ఆ పిల్లవాడు ప్రక్కనే నిలిచి మా ముఖము వంక చూచుచుండెను. ఆ చూపు ఇంకను మమ్మును విడువలేదు.

మేము ప్రార్థన చేయుదుము. కాని ప్రార్థనచేసి పంపివేయుట చాలదని కొంతకాలముగా మా మనస్సాక్షి మమ్మును గద్దించుచున్నది. ఈ ప్రశ్నలన్నిటికిని ఒక్క జవాబు లేదు. అయినను వాటన్నిటి క్రింద ఒక్క భయమే దాగియున్నది: మా బిడ్డ వెనుకబడుచున్నాడా? ఈ భయమును పట్టుకొని వాక్యమును వెదకగా యాకోబు ఏశావుతో పలికిన మాట మాకు కనబడెను.

కథ మీకు తెలిసినదే. యాకోబు ఇరువది సంవత్సరములు లాబాను నొద్ద కొలువుచేసి స్వదేశమునకు తిరిగి వచ్చుచున్నాడు. అన్నయైన ఏశావు 400 మందితో ఎదురువచ్చెను. చంపునేమో అనుకొనిన అన్న మెడమీదపడి ముద్దుపెట్టుకొనెను, ఇద్దరును ఏడ్చిరి. అటుతరువాత ఏశావు, కలిసి ప్రయాణమై పోదము రమ్మని పిలిచెను. అందుకు యాకోబు చెప్పిన జవాబు యొక్క భావమిది: పిల్లలు లేతవారు, మందలో పాలిచ్చు తల్లులున్నవి, ఒక్క దినము తొందరపెట్టి తోలినను మంద దక్కదు, కనుక మీరు ముందు సాగుడి, నేను ఈ పశువుల నడకను, ఈ పిల్లల నడకను చూచుకొని మెల్లగా వచ్చెదను. హెబ్రీ మూలములో ఇక్కడ పిల్లల పాదము చొప్పున అను అర్థమిచ్చు మాట యున్నది.

ఆ పిల్లల వయస్సు ఎంతయో ఎప్పుడైన లెక్కించితిరా? యాకోబు ఏడేండ్లు కొలువు చేసిన పిమ్మట గదా వివాహమాడెను. కొలువంతయు కలిపి ఇరువదేండ్లు. కాబట్టి పెద్దవాడైన రూబేనుకు అప్పటికి సుమారు పండ్రెండేండ్లు, యోసేపుకు సుమారు ఆరేండ్లు. మన లెక్కలో చెప్పవలెనన్న ఒకడు ఏడవ తరగతి, ఒకడు ఒకటవ తరగతి. ఏశావు వెంబడి ఉన్నవారో బలముగల 400 మంది. వారి నడకతో ఆరేండ్లవాడు నడువగలడా?

ఈ మాట పలికినవాడెవడో కూడ చూడవలెను. యాకోబు పుట్టుక నుండియే తొందర మనిషి. గర్భములోనే అన్న మడిమెను పట్టుకొనినవాడు. జ్యేష్ఠత్వమును కూరవంటకమునకు కొనినవాడు, ఆశీర్వాదమును మోసముచేసి తీసికొనినవాడు. ముందుండవలెను, ముందుండవలెను అని జీవితమంతయు పరుగెత్తిన యాకోబునకు ఆ తెల్లవారుజామున యబ్బోకు రేవునొద్ద తొడగూడు వసిలెను. ఇప్పుడు కుంటుచు నడుచుచున్నాడు. తాను కుంటువాడు గనుకనే పిల్లల నడక వానికి కనబడినదేమో అని మాకు తోచుచున్నది.

ఒక సంగతి దాచకుండ చెప్పుదుము. యాకోబు ఈ మాట చెప్పి, శేయీరుకు వచ్చెదనని అన్నకు నమ్మికయిచ్చి, ఆ వెంటనే సుక్కోతుకు పోయెను. పిల్లల పేరు చెప్పి తప్పించుకొనెనా అని అడుగువారున్నారు. అడుగుట న్యాయమే. అయితే వాని మనస్సులో ఏమున్నను, వాడు చెప్పిన సంగతి మాత్రము ప్రతి గొల్లవాడును ఒప్పుకొను సత్యము. ఈడు చూడక తోలిన మంద దారిలోనే పడిపోవును.

ఇక వసారాలోని ప్రశ్నలకు వచ్చెదము.

పదిహేను నెలల పాప తల్లికి మేమిచ్చిన జవాబు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మన దేశముతో కలిపి ఐదు దేశములలో ఆరోగ్యముగా పెరుగుచున్న పసిపిల్లలను పరీక్షించి 2006లో ఒక లెక్క ప్రకటించిరి. ఆ లెక్క ప్రకారము ఆధారము లేకుండ నడుచు వయస్సు 8 నెలలు దాటినది మొదలు 17 నెలలు దాటువరకు వ్యాపించియున్నది. చూచితిరా, ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల మధ్య తొమ్మిది నెలల యెడము! అంతవరకు మన ఇండ్లలో ఎన్ని మాటలు పుట్టును, ఎన్ని వేళ్లు చూపబడును! "మా అమ్మాయి పదో నెలలోనే నడిచింది" అని ఒకామె అనగానే మరియొక తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మీ పాపకు ఇంకను సమయమున్నదమ్మా, అయినను టీకాకు పోయినప్పుడు డాక్టరుగారికి ఒకసారి చూపించుము అని చెప్పితిమి.

అయితే మెల్లగా నడుచుట వేరు, చూడకుండ ఊరకుండుట వేరు. యాకోబు మెల్లగా నడిచినది ఎరిగి నడిచెను. ఏది చూలుతో ఉన్నది, ఏది పాలిచ్చుచున్నది, ఎవడు అలసినాడు అని వాడెరుగును. మనలో కొందరు "మా మామగారికి కూడ మాటలు ఆలస్యముగానే వచ్చినవట, వాడికీ వచ్చును" అని మూడేండ్లు, నాలుగేండ్లు గడపుచున్నారు. మరికొందరు, ఉపవాస ప్రార్థన పెట్టించితిమి గనుక ఇక వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసమని తలంచుచున్నారు. సహోదరులారా, లూకా వైద్యుడే గదా! పదునారు నెలలు నిండినను ఒక్క మాటయైన పలుకని బిడ్డను, రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి చెప్పని బిడ్డను, పేరుపెట్టి పిలిచినను చప్పుడైనను తిరిగి చూడని బిడ్డను, వచ్చిన మాటలను పోగొట్టుకొనుచున్న బిడ్డను ఆలస్యము చేయక చూపించుడి. మొదట చెవులు పరీక్ష చేయించుడి. వినికిడి లేని పిల్లవానిని మొండివాడని కొట్టిన ఇండ్లను మేమెరుగుదుము. 2013లో కేంద్ర ప్రభుత్వము మొదలుపెట్టిన బాలల స్వస్థత కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్వాడీలకును ప్రభుత్వ పాఠశాలలకును వచ్చి పిల్లలను పరీక్షించును. అట్టి పిల్లల కొరకు జిల్లా స్థాయిలో డి.ఇ.ఐ.సి. అను కేంద్రములున్నవి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగిన దారి చెప్పును. ఇందులో సిగ్గుపడవలసినదేమియు లేదు.

బాప్తిస్మపు పత్రముల విషయము కూడ ఇక్కడనే చెప్పివేయుదుము. ప్రతి సంవత్సరము ఒకరిద్దరు వచ్చి, పిల్లను ఒక సంవత్సరము ముందుగా బడిలో వేయుటకు పుట్టిన తేదీని కొంచెము వెనుకకు జరిపి వ్రాసియిమ్మని అడుగుచున్నారు. మేము వ్రాయము. అది అబద్ధమను మాట అటుంచి, ఆ ఒక్క సంవత్సరము ఎవరి యొద్దనుండి దొంగిలించుచున్నామో ఆలోచించుడి. ఒకటవ తరగతిలో చేరుటకు ఆరేండ్లు ఉండవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము సహా చెప్పుచున్నది. మూడువందల యేండ్లకు పూర్వమే బొహీమియా సహోదర సంఘమునకు బిషపుగా నుండిన కొమేనియస్ అను దైవజనుడు, మొదటి ఆరేండ్లకు తల్లి ఒడియే బడి అని బోధించెను. ఆయనయే 1658లో పిల్లల కొరకు బొమ్మలతో కూడిన పాఠ్యపుస్తకమును ప్రకటించెను. వస్తువును కంటికి చూపించి తరువాత దాని పేరు నేర్పవలెనని ఆయన పద్ధతి. మన పసివారికి పలక పట్టుకొను వ్రేళ్లు గట్టిపడకముందే నాలుగు గీతల కాపీ పుస్తకము ఇచ్చుచున్నాము. మట్టితో ఆడి, చిక్కుడుకాయలు వలిచి, ముగ్గువేసి గట్టిపడవలసిన వ్రేళ్లవి.

ఇప్పుడు నాలుగవ తరగతి పిల్లవాని సంగతి. దీనిని గూర్చి కొంచెము విస్తారముగా చెప్పవలసియున్నది, ఏలయనగా ఇటువంటి పిల్లవాడు ప్రతి సంఘములోను ఉన్నాడు.

ఈ పిల్లవాడు మా సండేస్కూలులో అందరికంటె ముందు చేయి ఎత్తువాడు. దావీదు ఏరుకొనిన రాళ్లెన్ని? ఐదు. నయమాను ఎన్ని మారులు మునిగెను? ఏడు. కథ ఒక్కసారి వినిన చాలును, తిరిగి చెప్పును, అందరిని నవ్వించును కూడ. అయితే వాక్యము చదువుమని పుస్తకము చేతికిచ్చితిమా, మూగవాడగును. ఒకనాడు టీచరమ్మ బలవంతము చేయగా, చదివినట్లు నటించి, వినిన వాక్యమును జ్ఞాపకము నుండి అప్పగించెను. పుస్తకములో అది వేరొక పేజీలో నున్నది! పిల్లలందరు నవ్విరి. ఆ తరువాత మూడు వారములు వాడు రాలేదు.

బడిలో సోమరి అనిరి. తండ్రి బెల్టు తీసెను. తల్లి ట్యూషను పెట్టించెను, అటుపిమ్మట రెండవ ట్యూషను పెట్టించెను. పదాలు ఎక్కించుచున్న కొలది వాడు మరింత ముడుచుకొనిపోయెను.

1896వ సంవత్సరములో ఇంగ్లాండులో ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక బాలుని గూర్చి వ్రాసెను. పదునాలుగేండ్లవాడు, తెలివిగలవాడు, ఆటలలో చురుకైనవాడు. లెక్కలు చేయును. కాని అచ్చులోని చిన్న మాటను కూడ కష్టముతోనే కూడబలుకును. పాఠమంతయు నోటితోనే చెప్పినయెడల బడిలో అందరికంటె తెలివైనవాడు వీడే యగునని వాని ఉపాధ్యాయుడు అభిప్రాయపడెనట. అనగా మా సండేస్కూలు పిల్లవాని వంటివాడే! నేడు దీనిని డిస్‌లెక్సియా అనుచున్నారు. బుద్ధి లోపము కాదు, సోమరితనము కాదు, దయ్యము అసలే కాదు. ధ్వనిని అక్షరముతో జతపరచు పని కొందరి మెదడునకు కష్టము, అంతే. మన తెలుగులో హల్లులకు గుణింతములున్నవి, ఒత్తులున్నవి, ద–ధ, ప–ఫ, ప–వ వంటి పోలికగల అక్షరములున్నవి. సామాన్యముగా పిల్లలందరు కొంతకాలము తడబడుదురు. ఐదారేండ్ల వయస్సులో అక్షరము త్రిప్పి వ్రాసిన కంగారుపడనక్కరలేదు. మూడవ, నాలుగవ తరగతికి వచ్చినను, శ్రద్ధగా నేర్పినను, తోటివారు సాఫీగా చదువుచుండగా ఒకడే ప్రతి మాటను మ్రోసికొనుచున్నయెడల పరీక్ష చేయించవలెను.

పరీక్షించు నిపుణులున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఈ విధమైన అభ్యసన ఇబ్బందిని కూడ చేర్చిరి. ధ్రువపత్రమున్న పిల్లవానికి బోర్డు పరీక్షలలో అధిక సమయము మొదలైన వెసులుబాటులు దొరకును. కొట్టుటకైతే ఏ బడికిని అధికారము లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శారీరక దండనను మాత్రమే గాక మానసికముగా వేధించుటను సహా నిషేధించినది. ఇంటిలోని బెల్టును గూర్చి ఆ చట్టము మాటలాడదు. దానిని గూర్చి పౌలు మాటలాడెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:21లో, పిల్లల మనస్సు క్రుంగిపోకుండునట్లు వారికి కోపము పుట్టింపవద్దని తండ్రులకు ఆజ్ఞాపించెను. తల్లులకు కాదు, తండ్రులకు!

ఇంతవరకు ఇతరుల పిల్లలను గూర్చి వ్రాసితిమి. ఇది సుళువైన పని. మా ఇంటి సంగతి చెప్పకుండ ఈ వ్యాసము ముగించుట యథార్థత కాదు.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, చదువులో ఎప్పుడును ముందే. రెండవవాడు అట్లు కాదు. చుట్టములు వచ్చినప్పుడు మేము ఇద్దరిని నిలువబెట్టి కీర్తనలు అప్పగింపజేసెడివారము. అక్క గడగడ చెప్పును, వాడు రెండవ వచనము దగ్గర ఆగును. "అక్కను చూసి నేర్చుకోరా" అని అందరిముందు అనెడివారము. అది గద్దింపు కాదు, ప్రోత్సాహమని అనుకొనెడివారము. పాస్టరుగారి అబ్బాయికి మార్కులు తక్కువయట అని సంఘములో అనుకొందురేమో అను భయము కూడ మాకుండెను, దాచనేల? బిడ్డ కొరకు పడిన బాధలో సగము మా పేరు కొరకు పడినదే.

వాడు ఎనిమిదవ తరగతిలో నుండగా బడినుండి కబురు వచ్చినది. మూడు నెలలుగా ప్రోగ్రెసు కార్డుమీద మా సంతకమును వాడే చేయుచున్నాడు. చూచితిమి. మా సంతకమును మాకంటె బాగుగా చేసియుండెను! ఆ రాత్రి వానిని కొట్టితిమి. ఎంత కొట్టితిమో ఇక్కడ వ్రాయుటకు చేయి రాదు. వాడు ఏడ్వలేదు. అన్నము తినక గోడవైపు తిరిగి పండుకొనెను. మేము కుటుంబ ప్రార్థనకు బైబిలు తెరచి కూర్చుంటిమి. అప్పుడు మా ఇంటామె మెల్లగా ఒక మాట అడిగెను: "వాడు మార్కులకు భయపడ్డాడంటారా, మీకు భయపడ్డాడంటారా?"

ఆ రాత్రి బైబిలు చదువలేదు.

వాడిప్పుడు మోటార్లు వైండింగు చేయు షాపులో పనిచేయుచున్నాడు. మంచి పనివాడని పేరు. రాగి తీగను వ్రేళ్లతో పట్టుకొని చుట్టు లెక్క తప్పకుండ చుట్టుచుండగా చూచితిమి. ఆ ఓపిక, ఆ లెక్క వానిలో మొదటినుండి ఉన్నవే, మేము చూడలేదు. మా ఇంటికి వచ్చును, గుడికి వచ్చును, మర్యాదగా మాటలాడును. అయితే తన కష్టము మాతో చెప్పడు. తల్లితో చెప్పును, తల్లి మాతో చెప్పును. క్షమించుమని వానిని అడిగితిమి, "పోనిద్దురూ నాన్నగారూ" అనెను. ఆ మాటకు ఇవతల మేము, అవతల వాడు ఉన్నాము.

సామెతలు 22:6ను మేము ఎన్ని ప్రసంగములలో వాడితిమో లెక్కలేదు. బాలుని వాని త్రోవలో పెంచవలెనను ఆ వచనమును, తండ్రి ఏర్పరచిన త్రోవ అనియే ఎప్పుడును వివరించితిమి. హెబ్రీలో అచ్చట నున్న మాటకు అక్షరార్థము "వాని త్రోవనుబట్టి" అని. పండితులు దీనిని పలువిధములుగా విడమరచుచున్నారు, దేవుడు చూపిన మంచి త్రోవ అని చెప్పువారే ఎక్కువమంది. మేమును దానిని కాదనము. కాని ఆ త్రోవ వానిది అను సంగతి మాత్రము మేము ఆలస్యముగా చదివితిమి.

హాస్టలు ప్రశ్నకు వచ్చెదము. మన తెలుగు రాష్ట్రములలో పదవ తరగతి ముగియగానే బస్సుల కొలది పిల్లలు పెట్టెలు పట్టుకొని ఇంటర్మీడియెట్ హాస్టళ్లకు పోవుచున్నారు. తెల్లవారకముందే లేపి రాత్రి వరకు చదివించు చోట్లు ఉన్నవని పిల్లలే చెప్పుచున్నారు. అక్కడ చదివి బాగుపడినవారును ఉన్నారు, కాదనము. ఆ పిల్లలను మేము ఎరుగుదుము. కాని మన నేలమీద జరిగినదానిని మరువకూడదు. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్ ఫలితములు వెలువడిన తరువాత కొలది దినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలోనే తప్పులు దొర్లినవని తరువాత తెలిసినది, తప్పినవారి జవాబు పత్రములను తిరిగి పరిశీలించిరి. ఆ బిడ్డలకు అది తెలియదు. కాగితముమీది అంకెయే తమ విలువ అనుకొనిరి. ఎవరు నేర్పిరి వారికి ఆ లెక్క?

ఆ తండ్రితో మేమనిన దొక్కటే. హాస్టలా ఇల్లా అని మమ్మును అడుగక ముందు ప్రక్కన నిలిచిన ఆ పిల్లవానిని అడుగుడి. అడిగి, వాడు చెప్పినది పూర్తిగా వినుడి. వేసినయెడల ప్రతి ఆదివారము ఫోనులో మార్కులు అడుగకముందు తిన్నావా, నిద్రపోయితివా, ఎవరితో స్నేహము చేయుచున్నావు అని అడుగుడి. "ఇంటికి వచ్చేస్తాను" అని ఒకటికి రెండుసార్లు అనిన పిల్లవానిని తీసికొని వచ్చివేయుడి. కట్టిన ఫీజు పోయినను పోనిండు. నిద్ర మానినను, తిండి మానినను, ఇష్టమైన వస్తువులు పంచివేయుచున్నను, నేను లేకపోతే మీకు హాయి వంటి మాటలాడినను వానిని ఒంటరిగా విడువకుడి. 14416 అను నంబరుకు టెలిమానస్ అని పేరు. 2022 నుండి నడుచుచున్నది, పగలైనను రాత్రియైనను రుసుము లేకుండ తెలుగులో మాటలాడుదురు. పిల్లల ఆపదకు 1098 ఉన్నది. ఈ రెండు నంబర్లను మా గుడి తలుపు లోపలివైపున అంటించితిమి.

సంఘముగా మన తప్పును కూడ ఒప్పుకొందము. ఫలితములు వచ్చిన ఆదివారమున ర్యాంకు వచ్చిన పిల్లలను వేదికమీదికి పిలిచి శాలువా కప్పుచున్నాము, గేటుకు ఫ్లెక్సీ కట్టుచున్నాము. తప్పిన పిల్లవాడు ఆ గేటులోనుండియే లోపలికి రావలెను. రాడు. ఆ ఆదివారము వాని అవసరము ఎక్కువ, ఆ ఆదివారమే వాడు రాడు. మా పెద్దల సంఘములో దీనిని గూర్చి వాదన జరిగినది. "కష్టపడినవారిని మెచ్చుకోవద్దా?" అని ఒక పెద్ద అడిగిరి, న్యాయమైన ప్రశ్నయే. చివరకు ఫ్లెక్సీ మానితిమి. పరీక్ష వ్రాసిన పిల్లలందరిని, తప్పినవారిని సహా, పేరుపేరున పిలిచి ప్రార్థించుటకు నిర్ణయించితిమి. శాలువాలు మాత్రము ఇంకను కప్పుచున్నారు. ఆ వాదనలో మేము ఓడిపోతిమి.

ఇంటిలో చేయవలసిన వాటిని గూర్చి కొలది మాటలు. పసివారి చేతికి ఫోను ఇచ్చి అన్నము తినిపించుట మానుడి. రెండు మొదలు నాలుగేండ్ల వయస్సువారికి దినమునకు ఒక గంట మించి తెర చూపరాదనియు, అంతకంటె తక్కువయైన మరి మంచిదనియు, రెండేండ్లలోపు వారికి అసలు వద్దనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. మూడు నాలుగేండ్లవారికి 10 మొదలు 13 గంటల నిద్ర కావలెను. బడిలో ఏ మీడియమైనను ఇంటిలో తెలుగులో కథలు చెప్పుడి. అమ్మ భాషలో మాట బలిసినవానికే రెండవ భాష సులువగును. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో మోషే, ఇంట కూర్చుండినప్పుడు, త్రోవ నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు పిల్లలతో మాటలాడుమనెను. ఇందులో ట్యూషను లేదు, బల్ల లేదు, బెత్తము లేదు.

హన్నాను జ్ఞాపకము చేసికొనుడి. సమూయేలును దేవాలయములో విడిచినది. ఒక విధముగా హాస్టలులో వేసిన తల్లియే! ఏటేట చిన్న అంగీ ఒకటి కుట్టి తెచ్చెనని వ్రాయబడియున్నది. నిరుటి కొలత ఈ యేటికి పనికిరాదు. బిడ్డ కండ్ల యెదుట లేడు, అయినను ఈ సంవత్సరము ఎంత పొడుగు సాగియుండునో, భుజములు ఎంత వెడల్పు అయియుండునో ఆలోచించి ఆలోచించి కత్తిరించియుండును గదా. ఏలీ కుమారుల కొలతతో ఆమె కుట్టలేదు.

మన ప్రభువును పండ్రెండేండ్ల వయస్సున తలిదండ్రులు వెదకి, దేవాలయములో బోధకుల మధ్య కనుగొనిరి. ఆయన వినుచును, ప్రశ్నలు అడుగుచును ఉండెను. ఆయన చెప్పిన జవాబు తలిదండ్రులకు అర్థము కాలేదని లూకా నిర్మొగమాటముగా వ్రాసెను. మరియమ్మకే తన బిడ్డ అర్థము కాని దినమొకటి వచ్చెను. ఆమె వాదించలేదు, పొరుగు పిల్లలతో పోల్చలేదు, ఆ సంగతులను హృదయములో భద్రము చేసికొనెను.

నాలుగవ తరగతి పిల్లవాని సంగతి ముగించి చాలించెదము. వానిని పరీక్షకు తీసికొనిపోయిరి, మేము అనుకొనినదే యైనది. ఇప్పుడు ఒక ఉపాధ్యాయురాలు వారమునకు మూడు దినములు వానికి ధ్వనులతోను, ఇసుకలో వ్రేలితో వ్రాయించియు నేర్పుచున్నారు. తండ్రి బెల్టు మానెను. రెండవ ట్యూషను మాన్పించిరి, ఆ గంట వాడు బంతి ఆడుచున్నాడు. మార్కులు పెద్దగా పెరుగలేదు.

గత నెల బాలల ఆదివారమునకు పాఠము ఎవరు చదువుదురని అడుగగా వాడు చేయి ఎత్తెను. టీచరమ్మ మా వంక చూచిరి. మేము ఈ మూలవాక్యములోనుండి రెండు వచనములే, 13, 14, పెద్ద అక్షరములతో వ్రాసి వారము ముందుగా వానికిచ్చితిమి. ఎవరును మాట అందించకూడదని, ఎంతసేపైనను కనిపెట్టవలెనని పెద్దలతో చెప్పియుంచితిమి. వాడు స్టూలుమీద నిలిచి, వ్రేలు పెట్టుకొని చదివెను. ఒక ఒత్తు దగ్గర చాలసేపు ఆగెను. పంకాల చప్పుడు తప్ప గుడిలో చప్పుడు లేదు. వాని తండ్రి తల వంచుకొని కూర్చుండెను. మరల అందుకొని, ఒక మాట విడిచిపెట్టి, మిగిలినదంతయు చదివి దిగెను. వెనుక వరుసలో మా అబ్బాయి ఉండెను. ఆరాధన అయిన తరువాత వాడు ఆ పిల్లవానిని పిలిచి జేబులోని రాగి తీగ ముక్కను ఏదో బొమ్మగా వంచి ఇచ్చుచుండగా చూచితిమి.